క్లాసులా, ట్రిప్పులా? సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో దేనికి పేరు ఇవ్వాలి

"టీచర్ గారూ, ఇందులో నన్ను దేనికి పేరు ఇవ్వమంటారు?"

మూడు నెలలకోసారి మా నోటీసు బోర్డు మీద కొత్త క్యాలెండర్ పెడతాం. ఆ సాయంత్రం కనీసం పదిమంది ఈ ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా వారు పోయాక, హైదరాబాద్‌కు పడమర శంకర్‌పల్లి వైపున్న ఈ సీనియర్ లివింగ్ కమ్యూనిటీకి వచ్చి అయిదేళ్లయింది. మూడేళ్లుగా యాక్టివిటీల కమిటీలో ఉన్నాను. మొదట్లో "మీకు ఏది ఇష్టమైతే అది" అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు రెండు మూడు ఎదురు ప్రశ్నలు వేసి, ఇది తీసుకోండి, దీనికి ఆగండి అని గట్టిగానే చెప్తున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. అమ్మానాన్నల కోసం ఇలాంటి చోటు వెతుకుతున్న పిల్లలకు కూడా ఇది అవసరమే. బ్రోషర్‌లో "నెలకు ఇన్ని యాక్టివిటీలు" అని ఉన్నంత మాత్రాన అక్కడి జీవితం ఎలా ఉంటుందో తెలియదు.

ఏ క్యాలెండర్ చూసినా అందులో మూడు రకాల పనులు కలిసిపోయి ఉంటాయి. తంబోలా, అంత్యాక్షరి, శనివారం సినిమా, ఇవి కాలక్షేపం. సంగీతం, స్మార్ట్‌ఫోన్, ఉర్దూ అక్షరాలు, ఇవి నేర్చుకోవడం. పోచంపల్లి, యాదగిరిగుట్ట, ఇవి బయటికి వెళ్లడం. బోర్డు మీద మూడింటికీ ఒకే సైజు అక్షరాలు కాబట్టి మూడూ ఒకటే అనిపిస్తాయి. ఒకటి ఇచ్చేది రెండోది ఇవ్వదు.

అమెరికాలో డల్లాస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ పరిశోధకురాలు డెనీస్ పార్క్ బృందం 2014లో వెలువరించిన ఒక అధ్యయనం నా ఆలోచన మార్చింది. 60 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లు 221 మంది అందులో పాల్గొన్నారు. కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టే పని, కొందరికి రెండూ నేర్పారు. వారానికి సుమారు 15 గంటల చొప్పున మూడు నెలలు. ఇంకో గుంపు కూడా అన్ని గంటలే కలుసుకుంది. అయితే వాళ్లు కబుర్లు, ఆటలు, వంటలు, విహారాలతో గడిపారు. మూడు నెలల తర్వాత చూస్తే, కొత్త పని నేర్చుకున్నవాళ్లలో జ్ఞాపకశక్తి మెరుగైంది, ముఖ్యంగా ఫొటోగ్రఫీ నేర్చుకున్నవాళ్లలో. కలిసి కాలం గడిపిన గుంపులో ఆ మేలు అంతగా కనబడలేదు.

దీన్నిబట్టి ట్రిప్పులు దండగ అనుకోకండి. నాలుగ్గోడల మధ్య నెలల తరబడి ఉన్న మనిషికి ఒక పూట బయటి గాలి ఎంత మేలు చేస్తుందో నాకు బాగా తెలుసు. కానీ "బుర్ర చురుగ్గా ఉండాలి" అని పేరు ఇచ్చేవాళ్లు తంబోలాకో తీర్థయాత్రకో ఇస్తే, వాళ్లు కోరుకున్నది అక్కడ దొరకదు. అందుకు కొత్తదీ, కాస్త కష్టమైనదీ, వారాల తరబడి సాగేదీ కావాలి. ఇంకో సంగతి. ఆ అధ్యయనంలో వాళ్లు వారానికి 15 గంటలు కూర్చున్నారు. మా దగ్గర సంగీతం క్లాసు వారానికి రెండు గంటలే. క్లాసులో కూర్చుని లేచి వస్తే చాలదు, గదిలో రోజూ సాధన చేయాలి. ఇంటిపని ఇవ్వని క్లాసుకు నేను ఎవరినీ పంపడం లేదు.

ట్రిప్పు ఎప్పుడు చదువు అవుతుంది

ఇది మా పోచంపల్లి ప్రయాణాల వల్ల తెలిసింది. భూదాన్ పోచంపల్లి హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. మొదటిసారి వెళ్లినప్పుడు బస్సు దిగి, దుకాణాల్లో చీరలు చూసి, ఫొటోలు దిగి, నలభై నిమిషాల్లో అందరూ మళ్లీ బస్సెక్కారు. తిరిగొచ్చాక అక్కడ ఏం చూశారని అడిగితే చీర ధరలే చెప్పారు.

మరుసటి ఏడాది ముందుగా నాలుగు వారాల క్లాసు పెట్టాం. తెల్ల నూలు దారాన్ని చెక్క చట్రానికి చుట్టి, గళ్ల కాగితం మీద గీసిన డిజైన్ ప్రకారం, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పీలికలతో అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచాం. చిటికి కట్టడం అంటే అదే. కట్టిన చోట రంగు పట్టదు, విప్పితే తెల్లగా ఉంటుంది. వినడానికి తేలిక. డెబ్భై ఆరేళ్ల ఒకావిడకు రబ్బరు ముడి జారిపోతూనే ఉండేది, రెండు వారాలు పట్టింది ఆవిడకు బిగింపు కుదరడానికి. నాలుగో వారం దారాలు విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే, మేం గీసుకున్న వజ్రం ఆకారం అంచులు చెదిరి, ఒక పక్కకు వంగి వచ్చింది.

ఆ తర్వాత పోచంపల్లి వెళ్లాం. ఈసారి దుకాణానికి ముందు మగ్గం ఉన్న ఇంటికే వెళ్లాం. గుంట మగ్గం మీద కూర్చున్నాయన పడుగు (నిలువు దారాలు) మీద పేక (అడ్డం దారం)ను గోటితో వెంట్రుకవాసి జరిపి, పువ్వు అంచును పువ్వు అంచుకు కలిపాడు. అది చూసి మావాళ్లు ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. ఆ వెంట్రుకవాసి ఎంత కష్టమో వాళ్ల వేళ్లకు తెలుసు మరి. ఆసు పోయడం గురించి అడిగారు. ఒక్కో చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పి, మేకుల చుట్టూ దారం పోయాలి. ఆ పనితో తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారని, 2017లో పద్మశ్రీ వచ్చిందని అప్పటికే క్లాసులో చెప్పుకున్నాం. భూమి లేని పేదల కోసం వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్న ఊరు ఇదే, 1951 ఏప్రిల్ 18న. ఆ సంగతి కూడా అక్కడ నిలబడి మాట్లాడుకున్నాం. రెండున్నర గంటలు గడిచినా బస్సు గుర్తు రాలేదు ఎవరికీ.

ఊరు అదే, బస్సు అదే, సగం మంది మనుషులు కూడా వాళ్లే. అందుకే ఎవరైనా "క్లాసా, ట్రిప్పా" అని అడిగితే, ఆ ట్రిప్పు వెనక క్లాసు ఉందా అని ముందు చూస్తాను. ఉంటే రెండింటికీ కలిపి పేరు ఇవ్వమంటాను.

ఎవరు చెప్తున్నారు

వయసు మళ్లినవాళ్ల చదువుకు ప్రపంచంలో రెండు బాటలున్నాయి. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పియెర్ వెల్లాస్ మొదలుపెట్టిన "మూడో వయసు విశ్వవిద్యాలయం"లో యూనివర్సిటీ అధ్యాపకులే పాఠం చెప్పేవారు. అదే ఆలోచన 1981లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ చేరేసరికి, సభ్యులే ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి అయింది. తెలిసినవాళ్లు చెప్తారు, మరుసటి గంటలో వాళ్లే ఇంకొకరి దగ్గర కూర్చుని వింటారు.

మా దగ్గర రెండూ ఉన్నాయి. సంగీతం, యోగా బయటి గురువులు చెప్పాల్సిందే. గొంతు, నడుము తెలిసినవాళ్ల చేతిలో ఉండాలి. మిగతా చాలా విషయాలకు నేను కేంబ్రిడ్జ్ బాటకే ఓటు వేస్తాను. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒకాయన మా మూడో అంతస్తులో ఉంటారు. వచ్చిన మొదటి ఏడాది భోజనాల హాలులో కూడా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నాగార్జునసాగర్ ట్రిప్పు అనుకున్నప్పుడు, ముందు మూడు పాఠాలు చెప్పమని అడిగాం. థర్మోకోల్‌తో నమూనా చేసుకొచ్చారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన, రాతి కట్టడం, 26 గేట్లు, ఎడమ కాలువ ఎటు, కుడి కాలువ ఎటు అన్నీ చెప్పారు. మునిగిపోబోయే నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి, బయటపడ్డ కట్టడాలను పైకి తరలించి మళ్లీ ఎలా నిలబెట్టారో మూడో వారం చెప్పారు. ఇప్పుడాయన మధ్యాహ్నం భోజనానికి గంట ముందే వచ్చి కూర్చుంటున్నారు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి.

మీరు చూడబోయే కమ్యూనిటీలో అక్కడ ఉండేవాళ్లు చెప్పే క్లాసు ఒక్కటైనా ఉందో లేదో తప్పకుండా అడగండి. నా లెక్కలో దానికి స్విమ్మింగ్ పూల్ కంటే ఎక్కువ మార్కులు.

ఏ క్లాసు ఎవరికి

స్మార్ట్‌ఫోన్ క్లాసుకు అందరూ పేరు ఇస్తారు, సగం మంది మూడో వారానికి మానేస్తారు. తప్పు వాళ్లది కాదు. డెబ్భై దాటాక వేలి కొన పొడిబారుతుంది, తెర స్పర్శను పట్టుకోదు. పట్టుకోలేదని గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. అప్పుడు యాప్ తెరుచుకోకుండా బొమ్మలన్నీ కదిలిపోతాయి. "పాడైపోయింది" అని భయపడి ఫోన్ బల్ల మీద పెట్టేస్తారు. వేలిని కాస్త తడి చేసుకుని, తలుపు కొట్టినట్టు ఒక్కసారి తాకి తీసేయమని చెప్పే గురువు దొరికితేనే ఈ క్లాసు. ఇద్దరు ముగ్గురికి ఒక సాయం మనిషి కూడా ఉండాలి. గుంపుగా పాతికమందిని కూర్చోబెట్టి తెర మీద చూపించే క్లాసైతే వద్దు. మనవలకు వీడియో కాల్, ఫోన్‌లో డబ్బులు పంపడంతో పాటు, "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించే ఫోన్ వస్తే పెట్టేయాలని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని నేర్పుతున్నారా అని అడగండి. ఆ ఒక్క పాఠం కోసమైనా ఒంటరిగా ఉండే ప్రతివారూ వెళ్లాలి.

సంగీతం మోకాళ్లు సహకరించనివాళ్లకు నేను మొదట చెప్పేది. కూర్చునే నేర్చుకోవచ్చు, ఊపిరి నిండుగా పీల్చడం అలవాటవుతుంది, అన్నమయ్య పదాలు చిన్నప్పటి నుంచి చెవిన పడ్డవే. అయితే ఒక జాగ్రత్త. వయసుతో ఆడవాళ్ల గొంతు దిగుతుంది. అయిదు శ్రుతిలో పాడమంటే పై స్థాయి అందక, తమకు గొంతు లేదనుకుని మానేసినవాళ్లను ముగ్గురిని చూశాను. శ్రుతి నాలుగుకో, ఇంకా కిందికో దించమని అడగండి. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లకు తంబూరా గరగరలాడినట్టు వినిపిస్తుంది. చాలా యంత్రాల్లో సంగీతానికి వేరే సెట్టింగ్ ఉంటుంది. ఆడియాలజిస్ట్ దగ్గర అది పెట్టించుకుని క్లాసుకు రావాలి.

జ్ఞాపకాలు రాసే క్లాసు ఎనిమిదిమంది లోపు ఉంటేనే. పోయినవాళ్లు గుర్తొస్తారు, కన్నీళ్లొస్తాయి. ఈ మధ్యే భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు ఆరు నెలలు ఆగడం మంచిదని నా అనుభవం. ముందు తోటపని క్లాసుకు రండి, అక్కడ మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

మామూలు క్లాసులు తేలిగ్గా అనిపించేవాళ్లూ ఉంటారు. వాళ్లకు దూరవిద్య ఉంది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. ఒక్కరే చేయడం కంటే ఇద్దరు కలిసి ఒకే కోర్సు తీసుకుంటే చివరిదాకా సాగుతుంది.

బయటికి వెళ్తే ఎంత దూరం

దూరం కంటే నడక ఎంత, మెట్లెన్ని, బాత్రూమ్ ఎక్కడ అన్నవే ముఖ్యం. ట్రిప్పు రోజున మా ఆడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు, కొందరు నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు) కూడా వేసుకోరు, దారిలో బాత్రూమ్ దొరకదన్న భయంతో. ఎండలో తిరిగి కళ్లు తిరిగి కూలబడ్డాక గానీ ఆ సంగతి బయటపడదు. అందుకే ఇప్పుడు మా కమిటీలో ఒకరు వారం ముందే వెళ్లి దారి చూసి వస్తారు. గంటన్నరకు ఒక శుభ్రమైన బాత్రూమ్ ఖాయం చేసి, ఆ జాబితాను ముందే అందరికీ ఇస్తాం. మాత్ర ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్‌ని అడగమంటాం, సొంతంగా మానొద్దంటాం. ఈ పని చేసే కమ్యూనిటీకి మీ అమ్మను నమ్మకంగా పంపొచ్చు.

మొదటిసారి బయటికి వచ్చేవాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియం సరైనది. శుక్రవారం సెలవు, అది చూసుకోవాలి. పదకొండున్నరకు చేరితే, పన్నెండు గంటలకు గడియారంలోంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టడం కూర్చుని చూడొచ్చు. ఆ తర్వాత ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మ ముఖాన పల్చటి ముసుగు కూడా రాయే. ఈ రెండూ చూసి వచ్చేయండి. మొత్తం చూడాలని తిరిగితే కాళ్లు మిగలవు.

గోల్కొండ పైదాకా సుమారు 360 మెట్లు. పైకి వెళ్లే ఆలోచన వద్దు. కింద ప్రవేశ ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కూర్చుని చూస్తే చాలు. యాదగిరిగుట్ట వారపు మధ్యలో అయితే బాగుంటుంది, శనాదివారాలు వద్దు. దేవుడి దర్శనానికి వెళ్లేదాన్ని చదువు లెక్కలో నేను వేయను, దాని విలువ దానిదే.

రామప్ప విషయంలో మేం తప్పు చేశాం. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది, చూడాల్సిందే అని ఒక్క రోజులో వెళ్లి రావాలనుకున్నాం. హైదరాబాద్ నుంచే 200 కిలోమీటర్లు పైన, మాకు ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి రాత్రి పదకొండున్నరకు చేరాం. గుడి చూరు కింద ఉండే స్త్రీ శిల్పాలు, మదనికల దగ్గర నిలబడేసరికి చాలామందికి తల ఎత్తి చూసే ఓపిక లేదు. ఒకావిడకు రెండు రోజులు పాదాల వాపు తగ్గలేదు. రామప్ప వెళ్తే రాత్రి హనుమకొండలో ఉండే ఏర్పాటు ఉన్నప్పుడే వెళ్లండి. ఒక్క రోజులో తీసుకెళ్తామంటే పేరు ఇవ్వకండి.

నలుగురైదుగురు ఆడవాళ్లు కలిస్తే కమ్యూనిటీ బస్సు కోసం ఎదురు చూడక్కర్లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చేతిలో ఉంటే చాలు. మొదటి మెట్టు మాత్రం ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు తొందరపడొద్దు.

పిల్లలకు రెండు మాటలు

కమ్యూనిటీ చూడటానికి ఆదివారం వెళ్లకండి. మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండింటికి వెళ్లండి. రాబోయే నెల క్యాలెండర్ కాదు, గడిచిన మూడు నెలల హాజరు పుస్తకం చూపించమనండి. అందులో ఒకే క్లాసుకు మొదటి వారం, ఎనిమిదో వారం ఎంతమంది వచ్చారో చూడండి. మొదటి వారం ఇరవైమంది, ఎనిమిదో వారం ముగ్గురైతే ఆ క్లాసు పేరుకే ఉంది. ట్రిప్పు బస్సులో నర్సు వస్తుందా, ఖర్చు నెల మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా కట్టాలా అని కాగితం మీద రాయించుకోండి. అమ్మకో నాన్నకో మతిమరుపు మొదలైతే, పెద్ద హాలు కాకుండా ఆరుగురు కూర్చునే చిన్న గది, వారంవారం అదే చోటు, అదే వేళ, అదే గురువు ఉన్న క్లాసు వెతకండి. అన్నిటికంటే ముందు, వాళ్లనే అడగండి. చదువుకునే రోజుల్లో ఏది నేర్చుకోవాలనుకుని ఇంటి పరిస్థితుల వల్ల ఆపేశారో అడిగితే, చాలామంది తడుముకోకుండా చెప్తారు.

మా కొత్త క్యాలెండర్ గత సోమవారం పెట్టాం. నేను ఉర్దూ అక్షరాలకు పేరు ఇచ్చాను. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదువుకున్న ఎనభై ఆరేళ్ల పెద్దాయన చెప్తున్నారు. మా నాన్నగారి పొలం కాగితాలు ఉర్దూలోనే ఉన్నాయి, ఇన్నేళ్లూ ట్రంకు పెట్టెలో అలాగే ఉంచాను. పన్నెండు వారాల క్లాసు. అలిఫ్, బే దగ్గర ఉన్నాం. రోజూ రాత్రి భోజనమయ్యాక కుడి నుంచి ఎడమకు రెండు పేజీలు రాస్తున్నాను, చేయి ఇంకా అలవాటుగా ఎడమ వైపే మొదలుపెడుతోంది.